వంతెన మీద శవం, అర్ధరాత్రి భోజనం: విదేశీ సిరీస్‌ల విశేషాలు

స్వీడన్‌కీ డెన్మార్క్‌కీ మధ్య సముద్రం మీద దాదాపు 8 కిలోమీటర్ల ఒరెసుండ్ వంతెన ఉంది. ఒక రాత్రి దాని దీపాలన్నీ ఆరిపోతాయి. మళ్లీ వెలిగేసరికి సరిగ్గా సరిహద్దు గీత మీద ఒక శవం! కదిపి చూస్తే నడుము పైభాగం స్వీడన్ మనిషిది, కింది భాగం డెన్మార్క్ మనిషిది. మరి కేసు ఎవరిది? 2011లో వచ్చిన 'ది బ్రిడ్జ్' ఇలా మొదలవుతుంది. ఇందులో స్వీడన్ పోలీసు సాగా స్వీడిష్‌లో అడుగుతుంది, డెన్మార్క్ పోలీసు మార్టిన్ డేనిష్‌లో జవాబిస్తాడు. ఎవరి భాష వారిదే, అయినా పని జరిగిపోతుంది. ఆ రెండూ అంత దగ్గరి భాషలు. డబ్బింగ్‌లో ఇద్దరూ ఒకే భాష మాట్లాడేస్తే సగం రుచి పోతుంది. దయచేసి సబ్‌టైటిల్స్ పెట్టుకుని అసలు గొంతులే వినండి.

ఈ కథను అమెరికా–మెక్సికో సరిహద్దుకీ, మలేసియా–సింగపూర్ సరిహద్దుకీ తీసుకెళ్లారు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య వంతెన లేదు కదా, అందుకని శవాన్ని సముద్రం కింది సొరంగంలో పెట్టి 'ది టన్నెల్' అన్నారు. కథలు ఇలా దేశం మారడం మనకూ తెలిసిందే. వెంకటేశ్, రానా నటించిన 'రానా నాయుడు'కు మూలం 'రే డొనోవన్' అనే అమెరికన్ సిరీస్. నిజజీవితంలో బాబాయి, అబ్బాయి అయిన వాళ్లిద్దరూ అందులో తండ్రీకొడుకులయ్యారు.

డెన్మార్క్‌దే ఇంకొకటి, 'బోర్గెన్'. ఆ మాటకు 'కోట' అని అర్థం. పార్లమెంటు, ప్రధాని కార్యాలయం ఉన్న భవనాన్ని అక్కడివాళ్లు అలా పిలుస్తారు. 2010లో ఈ సిరీస్ ఒక మహిళను ప్రధానిని చేసింది. మరుసటి ఏడాదే హెలె థోర్నింగ్-ష్మిట్ ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అయ్యారు. రాజకీయం అంటే ఇష్టం లేనివాళ్లు కూడా సిరీస్‌లోని ప్రధాని ఇంటి కథ కోసం దీన్ని చూడొచ్చు.

కొరియా 'స్క్విడ్ గేమ్' చూడనివాళ్లు తక్కువే. ఆ కథను హ్వాంగ్ డాంగ్-హ్యోక్ 2009 నాటికే రాసుకున్నా, డబ్బు పెట్టేవాళ్లు దొరకలేదు. 2021లో గానీ అది తెర మీదికి రాలేదు. అందులో ఒక్కో ఆటగాడి ప్రాణం ఖరీదు 10 కోట్ల వాన్. 456 మంది కాబట్టి బహుమతి 4,560 కోట్ల వాన్. అన్నట్టు, అలీ పాత్ర వేసిన అనుపమ్ త్రిపాఠి ఢిల్లీ కుర్రాడు. అతని అమాయకపు ముఖాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేదు.

నవ్వుకోవాలంటే ఉత్తర ఐర్లండ్ 'డెర్రీ గర్ల్స్'కే నా ఓటు. మొత్తం 19 ఎపిసోడ్లు. బయట వీధుల్లో సైనికులు, బాంబు బెదిరింపులు. లోపల ఐదుగురు పిల్లల బడి గొడవలు. భయం మధ్య కూడా బాల్యం ఎంత మొండిగా బతుకుతుందో లీసా మెక్‌గీ సొంత ఊరి జ్ఞాపకాల్లోంచి రాసింది. డెర్రీలో ఒక గోడ నిండా ఈ ఐదుగురి బొమ్మలూ వేశారు.

ఫ్రాన్స్ వాళ్ల 'కాల్ మై ఏజెంట్' అసలు పేరు 'పది శాతం'. సినిమా తారల ఏజెంట్లు తీసుకునే కమీషన్ అది. పేరున్న తారలే తమ సొంత పేర్లతో అందులో కనిపిస్తారు. ఇక ఇంగ్లండ్ 'ఫాల్టీ టవర్స్' 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లే. జాన్ క్లీజ్, కోనీ బూత్ భార్యాభర్తలుగా దాన్ని రాయడం మొదలుపెట్టి, రెండో విడత వచ్చేనాటికి విడిపోయారు. అయినా ఆ రాత పదును తగ్గలేదు.

ఒక్కటే చూడగలను, ఏది చూడమంటారు అని ఎవరైనా అడిగితే, నేను చెప్పేది జపాన్ 'మిడ్‌నైట్ డైనర్'. యారో అబే మాంగా (బొమ్మల కథ) నుంచి పుట్టింది. టోక్యోలో షింజుకు ప్రాంతంలో ఓ సందు. అర్ధరాత్రి 12కు తెరిచి ఉదయం 7కు మూసే చిన్న భోజనశాల. గోడ మీద రాసి ఉండే వంటకం ఒక్కటే, పంది మాంసం వేసిన మిసో సూప్. కానీ వంటగదిలో సరుకులుంటే, ఏది అడిగినా యజమాని చేసిపెడతాడు. టాక్సీ డ్రైవరు, డ్యాన్సరు, రౌడీ అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అరగంటైనా పట్టని ఒక్కో భాగానికి ఒక్కో వంటకం పేరు. ఎవరి వంటకం వెనక వారి కథ. అంతా అయ్యాక పాత్రలు మనవైపు తిరిగి, ఆ పూట వంటకం ఎలా చేసుకోవాలో చెప్పి, శుభరాత్రి అంటారు.