నీలిరంగు మాత్ర గురించి పిల్లలకు ఎవరు చెప్పాలి?

ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలకు వారానికొక నీలిరంగు మాత్ర ఇవ్వాలన్నది జాతీయ కార్యక్రమం. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర కూడా ఇస్తారు. ఖర్చు తక్కువ, వెనకున్న శాస్త్రం స్పష్టం. అయినా 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే 15-19 ఏళ్ల అమ్మాయిల్లో దేశం మొత్తం మీద 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. గుజరాత్‌లో 69 శాతం, తెలంగాణలో 64.7 శాతం. అబ్బాయిలేమీ తప్పించుకోలేదు. వారిలోనూ 31.1 శాతం మందికి ఉంది.

గుజరాత్, తెలంగాణ లెక్కలను ఇలా పక్కపక్కన పెట్టడానికి కారణం సూరత్. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. లింబాయత్ లాంటి పేటల్లో తెలుగు బాగానే వినిపిస్తుంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. ఆ ఇళ్లలో పెరిగే పిల్లకు ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసుల్లో గుజరాతీ. తన ఒంట్లో వస్తున్న మార్పుల గురించి ఆ పిల్ల ఏ భాషలో, ఎవరిని అడగాలి?

ముందు మాత్ర సంగతి చూద్దాం. కౌమారంలో శరీరం ఒక్కసారిగా పెరుగుతుంది. రక్తం పరిమాణం, కండరం రెండూ పెరుగుతాయి, రెండింటికీ ఇనుము కావాలి. అమ్మాయిలకు నెలసరిలో పోయే రక్తం అదనం. మాత్ర వేసుకుంటే కొందరికి కడుపులో వికారంగా ఉంటుంది, ముఖ్యంగా పరగడుపున వేసుకుంటే. శరీరం పీల్చుకోగా మిగిలిన ఇనుము వల్ల మలం నల్లగా వస్తుంది. ఇందులో ప్రమాదం లేదు. కానీ ముందుగా ఎవరూ చెప్పకపోతే పదమూడేళ్ల పిల్ల దాన్ని చూసి భయపడుతుంది, మరుసటి వారం మాత్ర కిటికీ అవతల పడుతుంది. చాయ్ సంగతి కూడా చెప్పాలి. తేయాకులోని పాలీఫినాల్స్ ఇనుమును పట్టేసుకుని పేగులోకి పోనివ్వవు. నిమ్మరసం, ఉసిరిలోని విటమిన్ సి అందుకు సరిగ్గా వ్యతిరేకం, ఇనుమును శరీరం తేలిగ్గా పీల్చుకునే రూపంలోకి మారుస్తుంది. అన్నం తిని, గంటో రెండు గంటలో చాయ్ ఆపి వేసుకుంటే అదే మాత్ర మరింత బాగా పనిచేస్తుంది. (రక్తహీనత అంతా ఇనుము లోపమే కాదు. బి12 లోపం ఉండొచ్చు. దక్షిణ గుజరాత్ ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ ఉండొచ్చు. అందుకే మాత్రతో పాటు రక్తపరీక్ష కూడా కావాలి.)

ఈ నాలుగు మాటలు చెప్పకపోతే ఆ ఖాళీలోకి పుకారు వస్తుంది. 2013 జులైలో ఢిల్లీ బడుల్లో ఐరన్ మాత్రలు వేసుకున్న పిల్లలు కడుపునొప్పి, వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారన్న వార్తలు దేశమంతా పాకాయి. పుకారు బలం ఎంతో సూరత్‌కు కొత్తగా చెప్పక్కర్లేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త రాగానే కొద్ది రోజుల్లో లక్షల మంది ఊరు విడిచారు, మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. సమయానికి యాంటీబయాటిక్ వాడితే నయమయ్యే జబ్బు అది.

బడిలో ఈ విషయాలు చెప్పాలన్న ఆలోచన కొత్తది కాదు. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. 2007 నాటికి గుజరాత్ సహా పలు రాష్ట్రాలు దాన్ని పక్కన పెట్టాయి. లైంగిక విషయాలు బడిలోకి వస్తున్నాయన్నదే అభ్యంతరం. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. పోషకాహారం, మానసిక ఆరోగ్యం, మత్తుపదార్థాలు, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ వాడకం వంటి 11 అంశాలు అందులో ఉన్నాయి. ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, వారానికో గంట పాఠం చెప్పించాలి. పాఠాల జాబితాలో తప్పు పట్టేది పెద్దగా లేదు. చిక్కంతా చెప్పేవారి దగ్గర ఉంది.

బీహార్‌లోని నలంద జిల్లాలో జరిగిన ‘సేహర్’ ప్రయోగం ఈ చిక్కునే పరీక్షించింది. తొమ్మిదో తరగతి పిల్లలున్న 74 ప్రభుత్వ బడులను లాటరీ పద్ధతిలో మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టులో ప్రత్యేక శిక్షణ పొందిన, వైద్యులు గానీ ఉపాధ్యాయులు గానీ కాని మామూలు వ్యక్తి ఒకరు బడిలోనే ఉండి కార్యక్రమం నడిపారు. రెండో జట్టులో అదే కార్యక్రమాన్ని ఆ బడి ఉపాధ్యాయుడే నడిపారు. మూడో జట్టులో ఎప్పుడూ ఉండే పాఠాలే. గోడపత్రిక, పిల్లలు పేరు రాయకుండా బాధలు వేసే పెట్టె, బృంద చర్చలు, అవసరమైన వారికి విడిగా మాట్లాడే అవకాశం కార్యక్రమంలో భాగాలు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితం ఇది: బయటి వ్యక్తి ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, దిగులు, ఏడిపించడం, హింస తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండో ఏడాది చివరా అదే తీరు.

దీన్ని ఉపాధ్యాయుల అసమర్థత అనుకుంటే పొరపాటు. లెక్కల పీరియడ్, పరీక్షలు, రిజిస్టర్లు అన్నీ అయ్యాక మిగిలిన ఓపికతో వారు ఈ పని చేయాలి. పైగా మార్కులు వేసే, అమ్మానాన్నలను పిలిపించే మనిషి దగ్గర పద్నాలుగేళ్ల పిల్లాడు గుట్కా గురించి నోరు విప్పడు. ఆ వయసులో తోటివారి మాటకు విలువ ఎక్కువ. ఇంగ్లండ్, వేల్స్‌లలోని 59 బడుల్లో తోటి విద్యార్థులే ఎవరి మాట వింటామో చెప్పి ఎంచుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, సిగరెట్ల గురించి మామూలు కబుర్లలో మాట్లాడమన్నారు. పోల్చి చూసిన బడుల కంటే అక్కడ పొగతాగే అలవాటు తక్కువగా నమోదైంది.

సూరత్‌లో దీనికి భాష కూడా తోడవుతుంది. పుస్తకంలో ‘ఋతుస్రావం’ అని ఉంటుంది, గుజరాతీలో ‘మాసిక్’ అంటారు, ఇంట్లో అమ్మమ్మ ‘బయట ఉంది’ అంటుంది. మూడూ ఒకటేనని ఎవరో ఒకరు పిల్లకు చెప్పాలి. లింబాయత్ వీధుల్లోనే పెరిగి, తెలుగు, గుజరాతీ రెండూ వచ్చి, డిగ్రీ చదివిన అమ్మాయి ఆ పని చేయగలదు. ఆమెకు డాక్టరు పట్టా అక్కర్లేదని నలంద చూపించింది.

ఆమెకు జీతం ఆరోగ్యశాఖ ఇవ్వాలా, విద్యాశాఖ ఇవ్వాలా అన్న దగ్గర చాలాచోట్ల దస్త్రం ఆగిపోతుంది. సూరత్‌లో బడులు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు, స్మిమర్ వైద్య కళాశాల కూడా ఒకే నగరపాలక సంస్థవి. ఇలాంటి ప్రయత్నానికి దేశంలో ఇంత వీలున్న నగరాలు ఎక్కువ లేవు. ముందుగా కొన్ని బడుల్లో ఒక మనిషిని, గోడకు ఒక పెట్టెను పెట్టి, ఏడాది తర్వాత హిమోగ్లోబిన్ ఎంత పెరిగిందో, పెట్టెలో ఏ లిపిలో ఎన్ని ప్రశ్నలు పడ్డాయో లెక్కపెట్టవచ్చు.