నవ్వించినవాని ఋణము

తిరుపతి పురవాసులకు గంగజాతరను గూర్చి వేఱుగ చెప్పవలసిన పని లేదు. ఏటేట వేసవిలో ఆ వారము దినములును బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అను వేషములు వరుసగా వీధులలో తిరుగును. ఒకనాడు ఒడలెల్ల బొగ్గు పూసికొని తోటి వేషము కట్టినవాడే మఱునాడు గంధము పూసికొని దొర వేషమున కనిపించును. పిల్లలు భయపడుదురు, పెద్దలు నవ్వుదురు, వేషధారి నోట తిట్టు వచ్చినను ఎవరును కోపగించుకొనరు. చిత్తూరు ప్రాంతపు పల్లెలలో ద్రౌపదీదేవి కోవెలల యొద్ద భారతము జరుగునప్పుడును ఇట్టి వినోదమే కానవచ్చును. తెల్లవార్లు సాగు వీధినాటకమున రాజులును రాణులును పాడి పాడి అలసినవేళ హాస్యగాడు రంగమునకు వచ్చి కునుకుపాట్లు పడువారిని లేపును.

ఈ హాస్యగాని వంశము చాల ప్రాచీనమైనది. సంస్కృత నాటకమున విదూషకుడు, మన యక్షగానమున కోణంగి ఆతని పూర్వులే. అతడు లేక ఆట రక్తి కట్టదు. అయినను ఆట ముగిసిన పిదప మనము గౌరవముతో తలచుకొనునది రాజు పాత్రధారిని. నవ్వుకొని మఱచునది హాస్యగానిని. సినిమా వచ్చిన తరువాతను ఈ లెక్క మాఱలేదు. ఈ లెక్కను మార్చుటకై తన చేతి సొమ్మును ఒడ్డిన రాయలసీమ నటునొకనిని గూర్చి నేడు పాఠకులతో ముచ్చటింప దలచితిమి. ఆయన పేరు పద్మనాభం.

పద్మనాభం గారి పూర్తి పేరు బసవరాజు వేంకట పద్మనాభరావు. కడప జిల్లా పులివెందుల తాలూకా సింహాద్రిపురమున 1931 ఆగష్టు 20వ తేదీన వారు జన్మించిరి. వారిది కరణీకము చేయు కుటుంబము. ఆ కాలమున రాయలసీమ పల్లెకు వినోదము మూడు దారుల వచ్చెడిది. ఊరివారే కట్టు వీధినాటకము ఒకటి. పట్టణముల నుండి వచ్చు పద్యనాటక సమాజము రెండవది. డేరా వేసి బొమ్మలాడించు టూరింగు టాకీసు మూడవది. హార్మోనియము శ్రుతికి గొంతెత్తి పద్యము పాడగల బాలుడన్న ఆ రోజులలో ఊరివారికి ఎనలేని ముచ్చట. పద్మనాభం గారికి అట్టి కంఠము చిన్ననాటనే అబ్బినది. హాస్యమునకు ముందు ఆయన చేతనున్న విద్య పాటయే. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకొనవలెను; ముందు దీనితో పని యున్నది.

ఇంకను మీసము మొలవని ప్రాయముననే ఆయన చెన్నపట్టణము చేరిరి. ప్రసిద్ధ నటి పసుపులేటి కన్నాంబ గారు ఆ బాలుని పాట విని ఆదరించి ఆశ్రయ మిచ్చిరి. 1945లో వచ్చిన మాయాలోకము మొదలుగా చిన్న చిన్న వేషములు లభించినవి. గుంపులో నిలిచి పాడుట, ఒకటి రెండు మాటలు చెప్పి తొలగుట ఇవియే అప్పటి పనులు. ఇట్లు నాలుగైదేండ్లు గడచిన పిదప విజయా సంస్థ వారి పిలుపు వచ్చినది. ఆ సంస్థ నడిపిన బి. నాగిరెడ్డి గారును కడప జిల్లా వారే. వారి తొలి చిత్రము షావుకారు (1950)లోను, మఱుసటి యేట వచ్చిన పాతాళభైరవి (1951)లోను పద్మనాభం గారు నటించిరి. ఈ రెండవ చిత్రముతో ఆయన పేరు తెలుగునాట ఇంటింటికిని తెలిసినది.

పాతాళభైరవిలో ఆయనది సదాజపుని పాత్ర. నేపాళ మాంత్రికునిగా ఎస్.వి. రంగారావు గారు, ఆయన వెంట వినయముగా తిరుగు శిష్యుడు సదాజపుడు. గురువు ఆకారమున కొండ. శిష్యుడు పిడికెడు మనిషి. గురువు కంఠము ఉఱుము; శిష్యుని కంఠము సన్నని పీచు. ఇచ్చట హాస్యనటుని పని యెట్టిదో కొంచెము విచారింతము. మాంత్రికుడు భయంకరుడని ఎవరైన చెప్పిన మనము నమ్మము. అతని యెదుట నిత్యము మెలగు శిష్యుడు మాట మాటకును తడబడుచు, కనుబొమ ముడివడగనే ముడుచుకొనిపోవుచుండగా చూచిన యెడల మాత్రము నమ్ముదుము. అనగా గురువు భయంకరత్వమున సగము శిష్యుని ముఖమున నున్నది. మనము నవ్వుచునే ఉందుము. ఆ నవ్వులోనే ప్రతినాయకుని బలము పెరుగుచుండును. మంచి హాస్యనటుడు తన పాత్రను మాత్రమే కాక, ఎదుటివాని పాత్రను గూడ నిలబెట్టును. ఆ పని కనబడదు గనుక దానికి మెప్పును తక్కువ.

రేడియో గల ఇండ్లవారికి మఱొక విషయము తెలియును. ఆకాశవాణి ప్రసారము చేయు సంక్షిప్త శబ్దచిత్రములను విన్నప్పుడు తెర లేదు, వేషము లేదు, ముఖ కవళికలు లేవు. మిగిలినది గొంతు మాత్రమే. హాస్యనటులలో గొంతు వినినంతనే గుర్తుపట్టదగిన వారు కొందఱే యుందురు. పద్మనాభం గారు ఆ కొందఱిలోని వారు. మాటను ఎచ్చట సాగదీయవలెనో, ఎచ్చట తుంచవలెనో, ఎచ్చట క్షణము ఊరకుండవలెనో వారికి బాగుగ తెలియును. ఇది పద్యము పాడినవారికి అబ్బు విద్య. పాదము చివర ఊపిరి ఎట్లు పట్టవలెనో తెలిసినవానికి, నవ్వు పుట్టవలసిన మాటకు ముందు ఎంత నిలుపవలెనో ఒకరు నేర్పనక్కఱలేదు.

హాస్యనటునికి దక్కవలసిన స్థానమేది యను ప్రశ్న మన దేశమునకు మాత్రమే పరిమితము కాదు. ఐర్లండు దేశమున బారీ ఫిట్జ్ జెరాల్డ్ అను నటుడుండెను. 1888లో డబ్లిన్ నగరమున పుట్టిన ఆయన పగలు ప్రభుత్వోద్యోగము చేయుచు, రాత్రులు ఆ నగరమందలి ఆబీ నాటకశాలలో వేషములు కట్టుచు పేరు గడించెను. పిదప హాలీవుడ్ చేరి 1944లో వచ్చిన ‘గోయింగ్ మై వే’ అను చిత్రమున ఒక వృద్ధ మతగురువుగా నటించెను. ఆ ఒక్క పాత్రకే ఆస్కార్ బహుమతుల పోటీలో ఆయన పేరు రెండు చోట్ల చేరినది: ఉత్తమ నటుల పట్టికలో నొకసారి, సహాయనటుల పట్టికలో నొకసారి. తుదకు సహాయనటుని బహుమతి లభించినది. ఇట్టి చిక్కు మఱల రాకుండ అటుపిమ్మట నిబంధనలను సవరించిరి. నవ్వించువాడు కథకు నాయకుడా, సహాయకుడా యని అంతటి సంస్థయే తేల్చుకొనలేక పోయెనన్నమాట.

పద్మనాభం గారు ఈ చిక్కును మఱొకరు విప్పుదురని కూర్చుండలేదు. హాస్యనటునిగా మంచి గిరాకీ యున్న కాలముననే రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ అను సంస్థ పేరిట చిత్రనిర్మాణమునకు పూనుకొనిరి. అందు మొదటిది 1965లో వచ్చిన దేవత. దర్శకుడు కె. హేమాంబరధరరావు గారు. నాయికా నాయకులు సావిత్రి, ఎన్.టి. రామారావు గారలు. సొంత డబ్బుతో తీసిన తొలి చిత్రమున ఆయన తన్ను తాను నాయకుని చేసికొనలేదు. మఱుసటి యేట పొట్టి ప్లీడరు చిత్రమున మాత్రము తానే నాయకుడైరి. ఆ పేరును గమనింపుడు. తన పొట్టితనమును చూచి పదుగురును నవ్వుదురని ఆయన యెఱుగును. ఆ నవ్వునకు తలవంచుటకు మారుగా దానినే చిత్రమునకు పేరుగా పెట్టి గోడలపై అచ్చు వేయించిరి. ఎదుటివాడు విసరిన రాతిని అందుకొని మెట్టుగా పఱచుకొనుట యిదియే.

1967లో శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న వచ్చినది. చిక్కు తగవులను నేర్పుతో తీర్చు మర్యాదరామన్న కథలు తెలుగు పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చినవే. ఆ పాత్రను పద్మనాభం గారు ధరించిరి. సంగీతము ఎస్.పి. కోదండపాణి గారిది. ఆ చిత్రమునకై 1966 డిసెంబరు 15వ తేదీన ఒక పాట రికార్డు చేసిరి. పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య గారల సరసన ఇరువదేండ్ల యువకుడొకడు మైకు ముందు నిలిచెను. అతడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. సినిమాకు ఆయన పాడిన తొలి పాట యదియే.

ఈ ముచ్చట మన ప్రాంతమువారు ప్రత్యేకముగ తలచుకొనదగినది. బాలసుబ్రహ్మణ్యం గారు శ్రీకాళహస్తిలో ఉన్నతపాఠశాల చదువు చదివి, తిరుపతిలో కళాశాల మెట్లెక్కినవారు. ఆ కంఠమును గుర్తించిన ఘనత కోదండపాణి గారిది. బాలసుబ్రహ్మణ్యం గారు తరువాతి కాలమున తమ రికార్డింగు థియేటరునకు కోదండపాణి గారి పేరే పెట్టి కృతజ్ఞత చూపిరి. కాని సంగీతదర్శకుడు ఎంచినంతమాత్రమున క్రొత్త గాయకునికి అవకాశము రాదు. నిర్మాత సమ్మతింపవలెను. పేరుగల గాయకులుండగా ఎవరికిని తెలియని కుఱ్ఱవానిపై సొమ్ము పెట్టుటకు వెనుకాడు నిర్మాతలే హెచ్చు. పాట చేతబట్టుకొని పల్లె విడిచి వచ్చిన బాలుని ఒక పెద్ద నటి చేరదీసెను గదా! ఆ బాలుడు నిర్మాతయైన నాడు మఱొక పాటగానికి తలుపు తెఱచెను. ఈ రెంటికిని సంబంధ మున్నదని మేము నమ్ముదుము.

అటుపిమ్మట పద్మనాభం గారు దర్శకత్వమును గూడ చేపట్టిరి. శ్రీరామకథ తీసిరి. 1970లో కథానాయిక మొల్ల వచ్చినది. కుమ్మరి యింట పుట్టి తెలుగున రామాయణము రచించిన మొల్ల, కడప జిల్లా గోపవరపు కవయిత్రియని ప్రసిద్ధి. వాణిశ్రీ గారు మొల్లగా నటించిరి. ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా రాష్ట్ర ప్రభుత్వమువారి బంగారు నంది దానికి లభించినది. మఱుసటి యేట జాతకరత్న మిడతంభొట్లు తీసిరి. మర్యాదరామన్న, మొల్ల, మిడతంభొట్లు, ఈ మువ్వురును అవ్వలు చెప్పు కథలలోని వారే. నవ్వులాటకు పేరువడిన నటుడు తన సొమ్ము పెట్టి తెరపై నిలుపదలచినది ఎవరిని? తగవరియైన న్యాయాధికారిని, పేదయింటి కవయిత్రిని, అదృష్టముతో గట్టెక్కు అమాయక బ్రాహ్మణుని. అందఱును మన ఊరి మనుషులే.

కాని చిత్రనిర్మాణము జూదము వంటిది. నిర్మాత తన చేతి డబ్బుతో చిత్రమంతయు తీయుట అరుదు. పంపిణీదారు నుండి కొంత, వడ్డీ వ్యాపారి నుండి కొంత తెచ్చి, చిత్రపు హక్కులను కుదువ పెట్టును. ఒక చిత్రము దెబ్బతిన్నచో ఆ నష్టము దానితో పోదు. మునుపు ఆడిన మంచి చిత్రపు హక్కులను గూడ వెంట దీసికొని పోవును. నిర్మాత చేతిలో కీర్తి మిగులును, చిత్రము మిగులదు. పద్మనాభం గారును ఈ సుడిలో చిక్కి, హాస్యనటునిగా ఆర్జించినదానిలో చాల భాగము నిర్మాతగా పోగొట్టుకొనిరి. వెనుకటి తరమున ఇట్టి కథనే చిత్తూరు వాసులు తమ కన్నులార చూచిరి. ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించిన చిత్తూరు నాగయ్య గారు విశేషముగ ఆర్జించి, అడిగినవారికి లేదనక యిచ్చి, కడపటి దినములలో కష్టపడి 1973లో కన్నుమూసిరి. ఒకరు కన్నీరు పెట్టించిన నటుడు, ఒకరు నవ్వించిన నటుడు. ఇరువురి కథయు ఒకచోటనే ముగిసినట్లు తోచును.

అయినను ముగింపులో ఒక భేదము కలదు. నాగయ్య గారి త్యాగమును గూర్చి పెద్దలు నేటికిని చేతులు జోడించి చెప్పుకొందురు. పద్మనాభం గారనగానే నవ్వు వచ్చును; అంతటితో మాట ఆగిపోవును. మేము మొదట చెప్పిన లెక్క యిదియే. ఆయన చాల కాలము చిన్న వేషములు ధరించుచునే యుండి, 2010 ఫిబ్రవరి 20వ తేదీన చెన్నైలో పరమపదించిరి. అప్పటికి ఆయన వయసు డెబ్బది యెనిమిదేండ్లు. ఆయన చిత్రమున తొలి పాట పాడిన బాలసుబ్రహ్మణ్యం గారు 2020లో గతించిరి. ఆ తొలి పాట నేటికిని అప్పుడప్పుడు రేడియోలో వినవచ్చును. గాయకుని పేరు చెప్పుదురు, సంగీతదర్శకుని పేరు చెప్పుదురు. నిర్మాత పేరు చెప్పు ఆచారము లేదు.

కావున పాఠకులకు మా మనవి యొక్కటియే. ఈ సారి ఆ పాట వినవచ్చినపుడు, ఇంట నున్న పిల్లలను పిలిచి, ఈ పాట వెనుక సింహాద్రిపురపు నటుడొకడున్నాడని చెప్పుడు. సదాజపుని మాటలు విని వారు పకపక నవ్విన యెడల నవ్వనిండు. ఆ నవ్వునకు ఒక పేరున్నదని మాత్రము వారికి తెలియనిండు. నవ్వించినవాని ఋణము తీర్చుటకు మన చేత నున్నది అంతమాత్రమే.