సారం లేని నేలల సంపద: కీటకాహార మొక్కలు, హీత్ పూలు, నత్రజని

నేలను అది ఇచ్చే దిగుబడిని బట్టి అంచనా వేయడం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు అలవాటు. ఉదజని సూచిక 4, ఏడాదిలో ఎక్కువ కాలం నీటి ముంపు, సున్నం, భాస్వరం నామమాత్రం, లభ్య నత్రజని అత్యల్పం. ఇటువంటి భూసార పరీక్ష ఫలితం చేతికి వస్తే ఆ నేల సాగుకు పనికిరాదనే రాస్తాము. వాయవ్య ఐరోపాలో, ముఖ్యంగా బ్రిటన్, ఐర్లండ్, నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీలలో, ఇటువంటి నేలలు విస్తారంగా ఉండేవి. పీట్ పేరుకున్న బురదనేలలను బాగ్ అని, ఆమ్ల ఇసుక నేలలపై పొట్టి పొదలు పరచుకున్న బయళ్లను హీత్ అని పిలుస్తారు. ఈ నేలల పేదరికంపైనే ఆధారపడి ఒక విశిష్ట వృక్షసముదాయం బతుకుతున్నది. నేల సారవంతమైతే అది నశిస్తుంది.

నేల పేదరికానికి కారణాలు

బాగ్‌లో ప్రధాన మొక్క స్ఫాగ్నమ్ నాచు. దాని పైభాగం పెరుగుతుండగా, చనిపోయిన కింది భాగం నీటిలో గాలి అందక పూర్తిగా కుళ్లదు. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పీట్ పేరుకుంటుంది. పొర ఎత్తు పెరిగిన కొద్దీ భూగర్భజలంతో సంబంధం తెగిపోయి, వాన తెచ్చే పోషకాలే మొక్కలకు దిక్కవుతాయి. నీటిలోని కాల్షియం వంటి అయాన్లను పట్టుకొని హైడ్రోజన్ అయాన్లను వదలడం ద్వారా నాచు ఆమ్లత్వాన్ని మరింత పెంచుతుంది.

హీత్ కథ వేరు. అది చాలా వరకు రైతు చేతిలో రూపొందిన భూదృశ్యం. నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ రైతులు శతాబ్దాల పాటు హీత్ పైమట్టిని మొక్కలతో సహా పెళ్లలుగా కోసి పశువుల కొట్టాలలో పరిచేవారు. పేడ, మూత్రంతో నానిన ఆ పెళ్లలను పొలాలకు ఎరువుగా తోలేవారు. పొలం బలపడింది, హీత్ బక్కచిక్కింది. పోషకాల ఈ నిరంతర తరలింపే హెదర్ పొదలకు, ఎరికా పూలకు, నీలి జెన్షియన్‌కు చోటు కల్పించింది.

లేమిలో బతికే ఉపాయాలు

కీటకాహార మొక్కలు ఈ పరిస్థితికి కనుగొన్న పరిష్కారం అందరికీ తెలిసినదే. గుండ్రని ఆకుల డ్రోసెరా ఒక్కొక్క ఆకుపై సుమారు రెండు వందల గ్రంథి కేశాలు ఉంటాయి. వాటి కొనల మీది జిగురు బిందువులకు పురుగు అంటుకోగానే కేశాలు దానివైపు వంగి జీర్ణరసాలను స్రవిస్తాయి. పింగ్విక్యులా తన ఆకు ఉపరితలాన్నే జిగురుగా మార్చుకున్నది. నీటిలో పెరిగే యుట్రిక్యులేరియా సూక్ష్మజీవులను చిన్న తిత్తులలోకి రెప్పపాటు కన్నా వేగంగా పీల్చుకుంటుంది.

చార్లెస్ డార్విన్ 1860 వేసవిలో ఇంగ్లండ్‌లోని ససెక్స్ హీత్‌లో డ్రోసెరాను గమనించి, 1875లో కీటకాహార మొక్కలపై గ్రంథం ప్రచురించాడు. పంచదార, గంజి, జిగురు ద్రావణాలకు ఆకులు స్పందించలేదు. పాలకు, గుడ్డు తెల్లసొనకు, మాంసరసానికి ముడుచుకున్నాయి. మొక్క వెతుకుతున్నది నత్రజని కోసమని దీనితో తేలింది. ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ 1878లో ఒకే పళ్లెంలో అడ్డు పెట్టి, ఒకవైపు మొక్కలకు మాంసపు తునకలు వేసి, రెండోవైపు మొక్కలను వట్టిగా ఉంచాడు. తిండి అందిన మొక్కలు ఎక్కువ విత్తనం ఇచ్చాయి. మన ఎరువుల ప్రయోగాలలోని కంట్రోల్ మడి పద్ధతి కూడా ఇదే.

తక్కిన మొక్కల ఉపాయాలు వేరు. బాగ్ మిర్టిల్ పొద వేళ్లలో ఫ్రాంకియా సూక్ష్మజీవి నత్రజనిని స్థిరీకరిస్తుంది. హెదర్ వేళ్లలోని శిలీంధ్రాలు సేంద్రియ పదార్థం నుండి పోషకాలను అందిస్తాయి. పసుపు పూల నార్తీసియం జాతి పేరుకు ఎముకలు విరిచేది అని అర్థం. దానిని మేసిన గొర్రెల ఎముకలు పెళుసుబారుతాయని పూర్వం నమ్మేవారు. సున్నం లేని ఆ పచ్చిక బయలే అసలు కారణం కాగా, నింద మొక్కపై పడింది.

ఆకాశం నుండి ఎరువు

పురుగును పట్టడం ఖర్చుతో కూడిన పని. ఉచ్చుగా మారిన ఆకు కిరణజన్య సంయోగక్రియలో వెనుకబడుతుంది. వెలుతురు, నీరు పుష్కలంగా ఉండి పోషకాలు మాత్రమే కొరవడిన చోటనే ఈ ఖర్చు గిట్టుబాటవుతుంది. స్వీడన్ బాగ్‌లలో జరిపి 2012లో ప్రచురించిన పరిశోధన దీనిని స్పష్టం చేసింది. గాలి ద్వారా నత్రజని తక్కువగా చేరే చోట డ్రోసెరా తన నత్రజనిలో 57 శాతం పురుగుల నుండి పొందగా, ఎక్కువగా చేరే చోట అది 22 శాతానికి తగ్గింది. వేళ్లకే నత్రజని అందుతున్నప్పుడు వేటతో పని తక్కువ. అయితే అదే నత్రజనితో ఎత్తుగా పెరిగే గడ్డి, నేలకు అంటుకొని ఉండే డ్రోసెరాకు వెలుతురు లేకుండా చేస్తుంది.

బాగ్‌లు తట్టుకోగల నత్రజని పరిమితి ఏడాదికి హెక్టారుకు 5 నుండి 10 కిలోలని ఐరోపా శాస్త్రజ్ఞుల అంచనా. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉంటుంది. అంటే గరిష్ఠ పరిమితి సగం బస్తా మాత్రమే.

నెదర్లాండ్స్ అనుభవం

రసాయనిక ఎరువులు రావడంతో హీత్ పెళ్లల అవసరం తీరిపోయింది. ఆపై దిగుమతి దాణాతో పశుపోషణ సాంద్రమై, పేడ నుండి వెలువడిన అమ్మోనియా చుట్టుపక్కల బయళ్లపై దిగింది. 1980ల నాటికి డచ్ హీత్‌లో మూడో వంతుకు పైగా గడ్డి బయలుగా మారింది. పైమట్టిని మళ్లీ కోసి తొలగించిన తడి హీత్‌లలో, మట్టిలో నిద్రాణంగా ఉన్న విత్తనాల నుండి డ్రోసెరా తిరిగి మొలిచింది. కాని ఈ చికిత్సలో ఖనిజాలు, విత్తనాలు, నేలలోని జీవులు కూడా పోతాయి కనుక విస్తారంగా చేయడం మంచిది కాదు.

2019 మే నెలలో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం ప్రభుత్వ నత్రజని అనుమతుల విధానాన్ని కొట్టివేసింది. అక్టోబర్ 1న రైతులు ట్రాక్టర్లతో హేగ్ నగరాన్ని ముంచెత్తారు. దశాబ్దాల తరబడి ఎక్కువ ఉత్పత్తి చేయమని సలహా పొందిన రైతుకు ఒక్కసారిగా తగ్గించుకోమని చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు లోకానికి తెలిసింది. ఆలస్యమైన సలహాకు మూల్యం రైతూ చెల్లిస్తాడు, నేలా చెల్లిస్తుంది.

విస్తరణ శాస్త్రజ్ఞులకు

మన తూర్పు కనుమలలోనూ డ్రోసెరా బర్మాని, డ్రోసెరా ఇండికా, పలు యుట్రిక్యులేరియా జాతులు ఊట నేలలలో, తడి ఇసుక పట్లలో కనిపిస్తాయి. ఇవి పీట్ నేలలు కావు కనుక ఐరోపా పరిమితులను ఇక్కడ యథాతథంగా వర్తింపజేయలేము. అయినా రెండు విషయాలు ఆచరణీయం. వరిలో వేసిన యూరియా నత్రజనిలో పంటకు దక్కేది తరచుగా సగానికన్నా తక్కువే. ఆకు రంగు పట్టిక ఆధారంగా దఫాలవారీగా వేయించడం రైతు ఖర్చును తగ్గించడంతో పాటు, పొలం దాటి పోయే నత్రజనిని కూడా తగ్గిస్తుంది. రెండవది, ఒక ఊట నేలను బంజరుగా నమోదు చేసి చదును చేయమని సిఫార్సు చేసే ముందు, వర్షాకాలం ముగిసే వేళ ఒకసారి అక్కడి మొక్కలను పరిశీలించాలి. భూసార పరీక్ష పత్రంలో ఆ గడి లేదు. విద్యార్థులు తమ క్షేత్ర నోటు పుస్తకంలోనైనా దానిని చేర్చుకోవాలి.