నాలుగు పరుగుల దూరంలో ఆగిన ఆశ
ఇండోరులో రెండేళ్లు వరుసగా ఆంధ్ర రంజీ జట్టుకు అదే అనుభవం

త్రిపురాంతకం: నాలుగు పరుగులంటే ఎంత? బ్యాటు అంచుకు తగిలి స్లిప్పుల మధ్యగా జారిపోయే ఒక్క బంతి. ఆ బంతి జారకపోవడం వల్ల 2024 ఫిబ్రవరి 26న ఆంధ్ర రంజీ జట్టు సెమీఫైనల్ గడప దాకా వెళ్లి వెనుదిరిగింది. అంతకు ఏడాది ముందు కూడా ఇదే ఊళ్లో, ఇదే మైదానంలో, ఇదే మధ్యప్రదేశ్ చేతిలో మనవాళ్లు ఓడారు. ఈ రెండు ఆటల ప్రస్తావన వస్తే చాలు, ఇక్కడి కుర్రాళ్ల మధ్య ఇప్పటికీ వాదోపవాదాలు మొదలవుతాయి.

రంజీ పోటీలంటే మన పల్లెల్లో ఒకప్పుడు పత్రిక చివరి పేజీలో నాలుగు వరుసల వార్త. ఇప్పుడా పరిస్థితి లేదు. ఫిబ్రవరి అంటే మిరప కోతల కాలం. కళ్లంలో కాయలు ఎగదోస్తూ ఒకచేత్తో ఫోను పట్టుకుని స్కోరు చూసేవాళ్లు మార్కాపురం, యర్రగొండపాలెం వైపు ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తారు. ఐ.పి.ఎల్. అయితే సరే, ఎవరికి నచ్చిన జట్టును వారు మెచ్చుకుంటారు. కానీ రంజీ జట్టు పేరులో ‘ఆంధ్ర’ అని ఉంది. అది గెలవాలని కోరుకోవడానికి వేరే కారణం అక్కరలేదు.

పైగా ఆంధ్ర ఎప్పుడూ బలహీనుల జాబితాలోనిదే. 1953-54లో రంజీ బరిలోకి దిగిన తొలి ఏడు జట్టుకు సి.కె. నాయుడు అంతటివాడు నాయకత్వం వహించాడు. అయినా డెబ్బై ఏళ్ల తరువాత, 2024 నాటికి కూడా, కప్పు మాట అటుంచి ఫైనల్ ముఖమే చూడలేదు. పక్కనున్న హైదరాబాదు 1937-38లోనూ, 1986-87లోనూ రెండుసార్లు కప్పు గెలుచుకుంది. ఇందులో ఒక వింత ఉంది. ఇండోరు హోల్కర్ జట్టుకు నాలుగుసార్లు రంజీ కప్పు గెలిచిపెట్టిన నాయకుడు కూడా ఆ నాయుడుగారే. మన తెలుగువాడు విజయాలు పండించిన ఊళ్లోనే ఆంధ్రకు రెండేళ్లు వరుసగా పంట ఎండిపోయింది.

ఎడమచేతి ఆట

2023 క్వార్టర్ ఫైనల్ జనవరి 31న మొదలైంది. ఎదురుగా ఉన్నది అంతకు ముందు ఏడాది కప్పు గెలిచిన జట్టు. తొలిరోజే పిడుగు పడింది. ఆవేశ్ ఖాన్ విసిరిన బంతి తగిలి ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు విరిగింది. 16 పరుగులకే అతడు పెవిలియన్‌కు వెళ్లిపోయాడు. రికీ భుయ్ 149, కరణ్ షిండే 110 కొట్టి జట్టును నిలబెట్టారు గానీ ఆ తరువాత వికెట్లు టపటపా రాలాయి. 353 దగ్గర తొమ్మిదో వికెట్టు పడింది. ఇక అయిపోయిందని అందరూ లేవబోతుంటే విహారి బ్యాటు పట్టుకుని బయటికి వచ్చాడు.

వచ్చినవాడు కుడిచేతి ఆటగాడు. నిలబడింది మాత్రం ఎడమచేతి ఆటగాడిలా. దాపటెద్దును ఎలపటకు కట్టినట్టు ఉందనుకోవచ్చు. దాని వెనుక లెక్క ఉంది. మామూలుగా నిలబడితే విరిగిన ఎడమచెయ్యి బౌలరుకు ఎదురుగా ఉంటుంది, మళ్లీ దెబ్బ తగిలితే ఇంతే సంగతులు. అటు తిరిగి నిలబడితే కుడిచెయ్యి ముందుకు వచ్చి బరువంతా మోస్తుంది, దెబ్బతిన్న చెయ్యి చాటున ఉంటుంది. అలా నిలబడి 27 దాకా లాక్కొచ్చాడు. ఆంధ్ర 379కి చేరింది. ఆ వీడియో ఫోన్లలో తిరగని ఊరు లేదు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయంగా నిలిచి, టెస్టును కాపాడిన కాకినాడ కుర్రవాడు ఇతడే. కనుక అభిమానులకు అది ఆశ్చర్యం కంటే గర్వమే ఎక్కువ కలిగించింది.

మధ్యప్రదేశ్ 228కే కుప్పకూలింది. ఆంధ్రకు 151 పరుగుల ఆధిక్యం. రంజీ నాకౌట్‌లో ఆట తేలకపోతే మొదటి ఇన్నింగ్స్‌లో ముందున్న జట్టే పైకి వెళుతుంది. అంటే మనవాళ్లు ఇక గెలవనక్కరలేదు, ఓడకుండా ఉంటే చాలు. ఎంతమంది సెమీఫైనల్ లెక్కలు వేసుకున్నారో!

కానీ రెండో ఇన్నింగ్స్ 93కే ముగిసింది. ఆవేశ్ ఖాన్ నాలుగు వికెట్లు తీశాడు. విహారి మళ్లీ వచ్చి ఒంటిచేత్తో 15 పరుగులు చేశాడు. ఆ పిచ్ మీద అందరూ అలా కాపు కాసి ఉంటే కథ వేరుగా ఉండేది. 245 లక్ష్యాన్ని మధ్యప్రదేశ్ ఐదు వికెట్లు చేతిలో ఉండగానే అందుకుంది.

మరుసటి ఏడు మరీ చేరువ

2024లో మళ్లీ క్వార్టర్ ఫైనల్, మళ్లీ ఇండోరు. ఈసారి మధ్యప్రదేశ్ 234, ఆంధ్ర 172. వెనుకబడ్డామని నిట్టూర్చేలోగా మన బౌలర్లు ప్రత్యర్థిని రెండో ఇన్నింగ్స్‌లో 107కే చుట్టేశారు. లక్ష్యం 170. మూడో రోజు సాయంత్రానికి నాలుగు వికెట్లు పోయి 95 పరుగులు వచ్చాయి. చివరిరోజు కావలసింది 75, చేతిలో ఆరు వికెట్లు, క్రీజులో విహారి. పందెం కాసేవాడు ఎవడైనా ఆంధ్ర మీదే కాసి ఉండేవాడు.

విహారి 55 వద్ద ఔటయ్యాడు. అనుభవ్ అగర్వాల్ ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు పడగొట్టాడు. అయినా మనవాళ్లు వదలలేదు. చివరి వరుస వాళ్లు ఒక్కొక్క పరుగే కూడగట్టారు. 150 దాటింది, 160 దాటింది. 165 దగ్గర పదో వికెట్టు పడింది. ఓటమి 4 పరుగుల తేడాతో.

చిత్తుగా ఓడితే మర్చిపోవడం తేలిక. ఇలాంటి ఓటమి మనిషిని నిద్రపోనివ్వదు. మొదటి ఇన్నింగ్స్‌లో వదిలేసిన పరుగెక్కడ, ఆపగలిగీ ఆపని బౌండరీ ఎక్కడ అని వెతుక్కోవడమే మిగులుతుంది. ఆ ఏడాది రంజీ మొత్తం మీద అత్యధికంగా 902 పరుగులు చేసింది మన రికీ భుయ్‌యే కావడం గమనార్హం. దేశంలో అందరికంటే ఎక్కువ పరుగులు చేసిన బ్యాటరు ఉన్న జట్టుకు అయిదు పరుగులు తక్కువయ్యాయి. మనల్ని ఓడించిన మధ్యప్రదేశ్ కూడా రెండుసార్లూ సెమీఫైనల్‌లోనే, ఒకసారి బెంగాల్ చేతిలో, మరోసారి విదర్భ చేతిలో ఆగిపోయింది. దానివల్ల మన దుఃఖం తగ్గిందని ఎవరూ అనరు.

ఆ 2024లోనే, డిసెంబరు 28న, మెల్బోర్న్‌లో విశాఖ కుర్రవాడు నితీశ్ కుమార్ రెడ్డి టెస్టు సెంచరీ కొట్టాడు. 99 వద్ద ఉండగా బుమ్రా ఔటై, ఆఖరివాడు సిరాజ్ మూడు బంతులు కాచుకున్న ఆ కాసేపు ఊపిరి బిగబట్టని తెలుగువాడు లేడు. 114 చేశాడు. టెస్టు మాత్రం భారత్ 184 పరుగులతో ఓడింది.

ఇక మన సంగతి. త్రిపురాంతకం చెరువు వైపు, కోత అయిన చేలల్లో సాయంత్రం పూట ఆడే పిల్లలు టెన్నిస్ బంతితో ఆడతారు. సంక్రాంతి పోటీలూ దాంతోనే. జిల్లా జట్టు ఎంపికకు వెళితే అక్కడ తోలు బంతి. అది లేచే తీరు వేరు, తగిలితే నొప్పి వేరు. దానికి ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ కావాలి, చాప పరిచిన పిచ్ అయినా కావాలి. ఒంగోలు వెళ్లి రావాలంటే ఒక్కోవైపు తొంభై, వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం. మిరప కూలి డబ్బుతో ఇవన్నీ సమకూర్చుకునే తండ్రులు ఎంతమంది ఉంటారు? మండలానికి ఒక్క తోలు బంతి పిచ్, వారానికి రెండు రోజులు వచ్చే కోచ్ ఉంటే చాలునని ఇక్కడివారు చాలాకాలంగా కోరుతున్నారు. అదేమంత పెద్ద ఖర్చు కాదు. రంజీ స్కోరు కోసం కళ్లంలో ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్లలో కనీసం ఒకరైనా ఆ జట్టు ఎంపికకు వెళ్లి బౌలింగు వేసే వీలు అప్పుడే కలుగుతుంది.