హోర్టా: అట్లాంటిక్ నడిమధ్యన ఒక మజిలీ

అట్లాంటిక్ మహాసముద్రాన్ని చిన్న తెరచాప పడవలో దాటేవారికి దారిలో ఆగే చోట్లు చాలా తక్కువ. ఉన్నవాటిలో నావికుల నోట తరచుగా వినిపించే పేరు హోర్టా. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ తొమ్మిది దీవుల సమూహం. అందులో ఫయాల్ దీవి తూర్పు ఒడ్డున, కొండవాలు మీద ఎర్ర పెంకుల ఇళ్లతో ఉన్న చిన్న ఊరు ఇది. దీవి మొత్తానికీ జనాభా 14 వేల పైచిలుకే. ఎదురుగా ఎనిమిది కిలోమీటర్ల జలసంధి. దాని అవతల పీకో దీవిలో 2,351 మీటర్ల ఎత్తున అగ్నిపర్వతం నిలబడి ఉంటుంది. పోర్చుగల్ దేశమంతటిలో అంతకంటే ఎత్తైన శిఖరం లేదు.

హోర్టా అందరికీ దారిలో తగలడానికి కారణం గాలి. కరీబియన్ దీవుల్లో చలికాలం గడిపిన పడవలు హరికేన్ల రోజులు మొదలయ్యే జూన్‌కు ముందే యూరప్ వైపు తిరుగుముఖం పడతాయి. వెళ్లేటప్పుడు తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు వెనకనుంచి నెట్టుకుంటూ తీసుకువెళతాయి. తిరిగివచ్చేటప్పుడు అవే గాలులు ఎదురు కొడతాయి. గాలికి సూటిగా ఎదురువెళ్లడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. అందుకని ముందు ఉత్తరానికి ఎక్కి, పడమటి గాలులను అందుకుని, తూర్పుకు తిరగాలి. ఆ ప్రాంతంలోనే అజోర్స్ అధిక పీడనం ఉంటుంది. దాని నడుమ చిక్కుకుంటే గాలి ఉండదు, పడవ కదలదు. మరీ ఉత్తరానికి పోతే తుపానుల బాట. రెండింటి మధ్య అంచు పట్టుకుని వచ్చేవారికి హోర్టా ఎదురవుతుంది.

బెర్ముడా నుంచి ఇక్కడికి సుమారు 1,800 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు. పన్నెండు మీటర్ల పడవ మంచి గాలి ఉంటే రోజుకు 120 నుంచి 150 మైళ్లు పోగలదు. అంటే రెండు వారాల ప్రయాణం. కరీబియన్ నుంచి నేరుగా వస్తే మూడు వారాల దాకా పట్టవచ్చు. ఇద్దరో ముగ్గురో ఉన్న పడవలో రాత్రీపగలూ వంతులవారీగా కాపలా కాయాలి. మూడు నాలుగు గంటలకు మించి ఏకబిగిన నిద్ర ఉండదు. ఆకుకూరలు మొదటి వారంలోనే వాడిపోతాయి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, క్యాబేజీ మిగులుతాయి. తాగేనీళ్లు కొలుచుకుని వాడుకోవాలి. ఒంటి మీద, పరుపు మీద, పుస్తకాల మీద ఉప్పు పేరుకుంటుంది. తెలుగువారికి ఈ జీవితం బొత్తిగా పరాయిది కాదు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయలుదేరి ప్రపంచాన్ని చుట్టివచ్చిన భారత నౌకాదళ తెరచాప నౌక తారిణిలోని ఆరుగురు మహిళల్లో ఇద్దరు మనవాళ్లే. ఒకరు హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, మరొకరు విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి. వారి దారి హోర్టా మీదుగా సాగలేదు. కానీ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్‌లో మొదటిసారి నేల మీద కాలు పెట్టడానికి వారికి నలభై రోజులకు పైగా పట్టింది.

అన్ని రోజుల నీళ్ల తర్వాత ముందు కనిపించేది పీకో కొన. ఆకాశం తేటగా ఉంటే మబ్బుల పైన, నేలతో సంబంధం లేనట్టు తేలుతూ కనిపిస్తుంది. హోర్టా చేరుకునేసరికి పడవ స్తంభానికి పసుపు జెండా ఎగురుతుంటుంది. ఇంకా ఈ దేశపు అనుమతులు తీసుకోలేదని దాని అర్థం. ముందుగా ఆగవలసింది మెరీనా ముఖద్వారంలోని ఆహ్వాన జెట్టీ దగ్గర. మెరీనా కార్యాలయం, కస్టమ్స్, పాస్‌పోర్టు తనిఖీ అన్నీ అక్కడే పక్కపక్కన ఉంటాయి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. చాలా దేశాల రేవుల్లో ఈ పని కోసం ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిరగాలి. నిద్రలేక, నేల మీద నిలబడ్డా ఇంకా ఊగుతున్నట్టే అనిపించే మనిషికి నాలుగడుగుల్లో పని తెమిలిపోవడం ఎంత మేలో పడవ మీద వచ్చినవారికే తెలుస్తుంది. కాగితాలు పూర్తయ్యాక పసుపు జెండా దిగుతుంది. దాని స్థానంలో, ఆతిథ్యమిచ్చే దేశానికి గౌరవంగా, పోర్చుగల్ జెండా ఎక్కుతుంది.

మెరీనా 1986లో ప్రారంభమైంది. అంతకుముందు పడవలు 1876లో కట్టడం మొదలుపెట్టిన పొడవాటి అలల అడ్డుగోడ వెనక లంగరు వేసుకునేవి. ఇప్పుడు సుమారు మూడు వందల పడవలకు చోటుంది. అయినా మే, జూన్ నెలల్లో అది చాలదు. అప్పుడు గోడ వెంట ఒక పడవకు ఆనించి మరొకటి, దానికి ఇంకొకటి, ఇలా నాలుగైదు వరసలుగా కడతారు. అవతలి పడవవాళ్లు ఒడ్డుకు రావాలంటే ఇవతలి పడవల మీదుగా నడిచి రావాలి. వెనక కూర్చునే చోటు నుంచి కాకుండా ముందు భాగం నుంచి, చప్పుడు కాకుండా దాటాలన్నది అందరూ పాటించే మర్యాద. ఇరుకు ఇబ్బందే, కానీ పరిచయాలు మొదలయ్యేదీ అక్కడే. నెల కిందట కరీబియన్‌లో చేయి ఊపి విడిపోయినవారు ఇక్కడ తాళ్లు అందుకుంటారు. ఇంకా రాని పడవ ఏదైనా ఉంటే దాని గురించి వాకబు చేస్తారు.

దిగినవారికి కావలసినవి పెద్ద కోరికలేమీ కావు. వేడినీళ్ల స్నానం, ఉతికిన బట్టలు, పళ్లు, రొట్టె, కదలని మంచం. తర్వాత పడవ వంతు వస్తుంది. చిరిగిన తెరచాపను కుట్టాలి, తెగిన తీగతాడు మార్చాలి, మొరాయిస్తున్న ఇంజన్ చూడాలి. ఆ పనులు తెలిసినవారు ఊళ్లోనే ఉన్నారు. దొరకని విడిభాగం విమానంలో రావాలి. ఆ కొన్నాళ్లూ పడవవాళ్లు దీవి చూస్తారు. ఫయాల్‌కు ‘నీలి దీవి’ అని పేరు. వేసవిలో రోడ్ల పక్క కంచెలన్నీ నీలిరంగు హైడ్రేంజియా పూలతో నిండిపోతాయి. పడమటి కొసన కపెలిన్యోస్ అగ్నిపర్వతం 1957 సెప్టెంబర్ నుంచి 1958 అక్టోబర్ దాకా సముద్రంలోంచి బద్దలై దీవికి కొత్త నేల జోడించింది. అక్కడి పాత దీపస్తంభం సగం దాకా బూడిదలో కూరుకుపోయి ఇప్పటికీ కనిపిస్తుంది.

హోర్టా ఆదరణకు ముఖం మెరీనా గట్టుకు ఎదురుగా ఉన్న ఒక నీలిరంగు కొట్టు. హెన్రిక్ అజెవెడో 1918లో దాన్ని తెరిచాడు. ఆటలంటే ఇష్టం కనుక ‘కఫే స్పోర్ట్’ అని పేరు పెట్టాడు. ‘పీటర్’ తర్వాత చేరింది. రేవులో ఉన్న బ్రిటిష్ నౌక లుసిటానియా 2లో పనిచేసే అధికారి ఒకరికి హెన్రిక్ కొడుకు జోసేను చూస్తే తన కొడుకు గుర్తుకొచ్చేవాడట. అతణ్ణి పీటర్ అని పిలిచేవాడు. ఆ పిలుపే నిలిచిపోయి, కొట్టు ‘పీటర్ కఫే స్పోర్ట్’ అయింది. 2005లో చనిపోయేదాకా జోసే అజెవెడో పడవవాళ్లకు చేసిన సాయం ఇన్నీ అన్నీ కాదు. వాళ్ల పేర వచ్చిన ఉత్తరాలను, వాళ్లు వచ్చేదాకా నెలల తరబడి దాచిపెట్టేవాడు. డబ్బు మార్చి ఇచ్చేవాడు, మరమ్మతు చేసేవారిని పిలిపించేవాడు. సముద్రం మధ్య ఉన్న మనిషికి చిరునామా ఉండదు. ఫోన్లు లేని రోజుల్లో ఆ కొట్టే వాళ్ల చిరునామా. పై అంతస్తులో 1986 నుంచి ఒక మ్యూజియం ఉంది. స్పెర్మ్ తిమింగలాల పళ్ల మీద నావికులు, కళాకారులు చెక్కిన బొమ్మలు అందులో ఉన్నాయి.

ఈ గుణం ఊరికి ఒక్కరోజులో అబ్బినది కాదు. దారినపోయేవారి అవసరాలు తీర్చడమే తరతరాలుగా హోర్టా బతుకుతెరువు. 19వ శతాబ్దంలో అమెరికా తిమింగల వేట నౌకలు ఇక్కడ నీళ్లు, కూరగాయలు నింపుకునేవి, పనివాళ్లను ఎక్కించుకునేవి. 1893లో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగ లిస్బన్ సమీపం నుంచి ఇక్కడికి చేరింది. తర్వాత బ్రిటిష్, అమెరికన్, జర్మన్ కంపెనీల ఉద్యోగులు వచ్చి ఊళ్లో కాపురాలు పెట్టారు. 1919 మేలో, అట్లాంటిక్‌ను మొదటిసారి దాటిన విమానం ఎన్‌సీ-4 ఈ రేవు నీళ్ల మీదే దిగింది. 1939 నుంచి పాన్ అమెరికన్ వారి నీటి విమానాలు వచ్చాయి. అలలు ఎక్కువైతే అవి లేవలేకపోయేవి. అప్పుడు ప్రయాణికులు రోజుల తరబడి ఊళ్లోనే ఉండిపోయేవారు. ఒక్కొక్కటిగా అవన్నీ పోయాయి. తెరచాప పడవలు వచ్చేసరికి, కొత్తవారిని చూసి బెదరని, వారికేం కావాలో అడగకముందే తెలిసిన ఊరు సిద్ధంగా ఉంది.

ఒంటరిగా పడవలో భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి జాషువా స్లోకమ్‌కు కూడా ఆ ఆదరణ అందింది. 1895 జులై 20న అతని ‘స్ప్రే’ హోర్టా చేరింది. నాలుగు రోజుల తర్వాత బయలుదేరేటప్పుడు దీవివాసులు ఇచ్చిన పళ్లు పడవ నిండా ఉన్నాయి. ప్లమ్ పళ్లూ పీకో దీవి తెల్ల చీజూ కలిపి తినేసరికి విపరీతమైన కడుపునొప్పి వచ్చి గదిలో నేల మీద పడిపోయాడు. ఆ రాత్రి గాలివానలో ఎవరో చుక్కాని పట్టుకుని నిలబడ్డట్టు, తాను కొలంబస్ ఓడ ‘పింటా’ నావికుణ్ణని చెప్పినట్టు అతనికి కనిపించింది. తెల్లవారి చూస్తే పడవ దారి తప్పకుండా తొంభై మైళ్లు సాగి ఉంది. తర్వాత మూడేళ్లకు, 1898 జూన్‌లో స్లోకమ్ ప్రయాణం పూర్తిచేశాడు.

హోర్టా వదిలేముందు ప్రతి పడవా చేసే పని ఒకటుంది. మెరీనా గోడల మీద, నడిచే గట్టు మీద తమ బొమ్మ వేసి వెళ్లాలి. పడవ పేరు, సంవత్సరం, జెండా, అందులో ఉన్నవారి పేర్లు. వేయకపోతే ముందున్న ప్రయాణం అచ్చిరాదని నావికుల నమ్మకం. చేయి తిరిగిన చిత్రాలు, పిల్లలు దిద్దిన గీతలు పక్కపక్కనే వందలకొద్దీ ఉంటాయి. ఎండకూ ఉప్పుగాలికీ రంగులు వెలిసిపోతాయి. వెలిసిన చోట కొత్తవారు తమది వేసుకుంటారు. ఏళ్ల తర్వాత తిరిగివచ్చినవారు ముందుగా తమ బొమ్మను వెతుక్కుని, మిగిలి ఉంటే దాని మీదే మళ్లీ రంగు వేసి, కింద కొత్త సంవత్సరం రాస్తారు.

రంగు ఆరేలోగా వాతావరణ పటాలు చూసుకోవడం మొదలవుతుంది. ఇక్కడి నుంచి లిస్బన్ సుమారు 900 నాటికల్ మైళ్లు, ఇంగ్లండ్ దక్షిణ తీరం సుమారు 1,200. అనువైన గాలి వచ్చిన రోజున నీళ్లు నింపుకుని, బకాయి కట్టి, బయటి వరస పడవ ముందుగా తాళ్లు విప్పుతుంది. తర్వాత దాని పక్కది కదులుతుంది. జలసంధి దాటి తూర్పుకు తిరిగాక ఫయాల్ త్వరలోనే కనుమరుగవుతుంది. పీకో మాత్రం, ఆకాశం తేటగా ఉంటే, చాలా గంటలపాటు వెనక కనిపిస్తూనే ఉంటుంది.