అయిదు పాయింట్లు చేసేవాడికి అన్ని కోట్లా?

కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టి పడేస్తే పట్టినవాళ్లకు పాయింటు వస్తుంది. ముగ్గురే మిగిలి ఉన్నప్పుడు పట్టేస్తే రెండు. ఆపడం కూడా ఒక పనేనని ఆ ఆట ఒప్పుకుంది. బాస్కెట్‌బాల్‌లో అలాంటి ఏర్పాటు లేదు. ఎదుటివాణ్ని మూలకు తోసి, 24 సెకన్ల గడువు దాటించి, బంతి లాక్కొచ్చినా బోర్డు మీద అంకె కదలదు. అందుకే డిఫెన్స్‌నే నమ్ముకున్న ఆటగాడి విలువ ఎంతన్న తగువు ఎన్‌బీఏ చూసేవాళ్ల మధ్య తెగదు. అమెరికాలో రాత్రి ఆడిన మ్యాచ్ మనకు పొద్దున కాఫీ వేళకు వస్తుంది, మధ్యాహ్నానికల్లా తగువు వాట్సాప్‌కెక్కుతుంది. డాలస్‌లో ఉండే మా బావ ఆ తగువులో ఎప్పుడూ ఒకటే పక్షం: "ఏడడుగుల పొడుగున్నాడు, రింగు కిందే నిలబడతాడు, దానికి కోట్లు పొయ్యాలా?"

ఆయన తిట్టేది రూడీ గోబేర్‌ను. ఉత్తమ డిఫెండర్ అవార్డు నాలుగుసార్లు గెలిచినవాళ్లు ముగ్గురు: డికెంబే ముటోంబో, బెన్ వాలెస్, గోబేర్. వాలెస్ అంటే డెట్రాయిట్‌లో నేటికీ ప్రాణం పెడతారు. ఆయన ఆడే రోజుల్లో ఆయన గుబురు జుట్టులాంటి విగ్గులు పెట్టుకుని జనం స్టేడియానికి వచ్చేవారు. గోబేర్‌ను మాత్రం ఆట పట్టిస్తారు. అవార్డులు సమానమే, మర్యాదలో ఇంత తేడా ఎందుకొచ్చిందో చూస్తే డిఫెండర్ల మీదున్న అపోహలు చాలావరకు బయటపడతాయి.

అపోహ: పాయింట్లు చేయనివాడు సగం ఆటగాడే.

వాస్తవం: ముందు లెక్క చూద్దాం. ఈ రోజుల్లో ఎన్‌బీఏ మ్యాచ్‌లో ఒక్కో జట్టు చేతికి బంతి దాదాపు వందసార్లు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ సగటున ఒకటికి కాస్త పైన పాయింట్లు పడతాయి. ఎదుటి జట్టుకు వచ్చిన అవకాశాల్లో ఒక పదింటిని చెడగొట్టినవాడు పది పాయింట్లకు పైగా మిగిల్చినట్టే. పది పాయింట్లు వేసినవాడికి చప్పట్లు పడతాయి, పది మిగిల్చినవాడికి చెమట పడుతుంది.

వాలెస్ సంగతే తీసుకోండి. 1996 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఆయన్ను ఎంచుకోలేదు. సెంటర్‌గా ఆడేవాళ్లలో పొట్టివాడు, షాట్ సరిగా లేదు. 2000లో డెట్రాయిట్ తన పెద్ద స్టార్ గ్రాంట్ హిల్‌ను ఒర్లాండోకు వదులుకుంటే, బదులుగా వచ్చిన ఇద్దరిలో ఈయనొకడు. అప్పట్లో అందరూ హిల్ పోయాడనే అనుకున్నారు తప్ప వాలెస్ వచ్చాడని అనుకోలేదు. నాలుగేళ్లకు డెట్రాయిట్ ఛాంపియన్ అయింది. 2021లో వాలెస్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. కెరీర్ మొత్తం మీద ఆయన సగటు మ్యాచ్‌కు 5.7 పాయింట్లు.

ఇంకో రాత్రి ఉంది. 2017 ఫిబ్రవరిలో మెంఫిస్ మీద గోల్డెన్ స్టేట్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ 12 రీబౌండ్లు, 10 అసిస్ట్‌లు, 10 స్టీల్స్ చేశాడు. పాయింట్లు నాలుగే. పాయింట్లు రెండంకెలకు చేరకుండా ట్రిపుల్ డబుల్, అంటే మూడు లెక్కల్లో రెండంకెలు, చేయడం ఎన్‌బీఏ చరిత్రలో అదే మొదలు.

అపోహ: డిఫెండర్‌ను కొలవాలంటే బ్లాకులు, స్టీల్స్ చూస్తే చాలు.

వాస్తవం: బాస్టన్‌కు 13 సీజన్లలో 11 టైటిళ్లు తెచ్చిన బిల్ రసెల్ పేరు మీద ఎన్‌బీఏ అధికారిక లెక్కల్లో ఒక్క బ్లాకూ లేదు. ఎందుకంటే బ్లాకులు, స్టీల్స్ లెక్కపెట్టడం మొదలైందే 1973–74లో. రసెల్ 1969లోనే ఆట మానేశాడు.

పైగా బ్లాకులన్నీ ఒకటి కావు. బంతిని ప్రేక్షకుల్లోకి కొట్టేస్తే ఈలలు పడతాయి, బంతి మాత్రం మళ్లీ ఎదుటివాళ్లకే పోతుంది. రసెల్ దాన్ని కోర్టు దాటనివ్వకుండా, వీలైతే తనవాళ్ల వైపు పడేలా మెల్లగా తట్టేవాడు. స్టీల్ కోసం ఎగబడేవాడి సంగతీ అంతే. దొరికితే వీరుడు. దొరకకపోతే వెనకున్న నలుగురు అయిదుగురితో ఆడాలి, ఆ తప్పు ఇంకొకడి ఖాతాలో పడుతుంది. ఇక అసలు పని ఏ పట్టీలోనూ ఉండదు. రింగు దాకా దూసుకొచ్చినవాడు అక్కడ నిలబడ్డ మనిషిని చూసి, మనసు మార్చుకుని, బంతి వెనక్కిచ్చేస్తాడే, అది. వేయని షాట్‌ను ఎవరు రాసిపెడతారు?

అపోహ: తన మనిషినే ఆపలేనివాడు గొప్ప డిఫెండర్ ఎలా అవుతాడు?

వాస్తవం: ఈ మాట అనేవాళ్లు 2004 ఫైనల్స్ ఒకసారి చూడాలి. ఒకపక్క షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్, కార్ల్ మలోన్, గ్యారీ పేటన్ ఉన్న లాస్ ఏంజెలెస్ లేకర్స్. మరోపక్క పెద్ద పేర్లు లేని డెట్రాయిట్. ఓనీల్‌కు కాపలా ఎక్కువగా వాలెస్‌దే. ఎత్తులోనూ బరువులోనూ పోలికే లేదు.

ఆ సిరీస్‌లో ఓనీల్ సగటు 26.6 పాయింట్లు, వేసిన షాట్లలో అరవై శాతానికి పైగా లోపలే పడ్డాయి. ఈ అంకెలే చూసినవాడు వాలెస్ ఓడిపోయాడని రాసేస్తాడు. సిరీస్ డెట్రాయిట్ 4–1తో గెలిచింది.

అదెలా? అప్పట్లో ఓనీల్ చేతికి బంతి వస్తే చాలు, ఇద్దరు ముగ్గురు మీద పడేవారు. ఆయన బంతిని బయటికి ఇచ్చేవాడు, అక్కడ ఖాళీగా నిలబడ్డవాడు తీరిగ్గా గురిచూసి వేసేవాడు. లేకర్స్ వంట అంతా ఆ పొయ్యి మీదే. డెట్రాయిట్ కోచ్ ల్యారీ బ్రౌన్ చాలాసార్లు ఆ రెండో మనిషిని పంపలేదు. ఓనీల్ పాయింట్లు ఓనీల్‌నే చేసుకోనిచ్చారు. ఒంటరిగా ఆయన్ను మోయగలవాడు ఒకడున్నాడు కాబట్టి మిగతా నలుగురు తమ తమ మనుషులకు అతుక్కుపోయారు. సన్నగా పొడవుగా ఉండే టేషాన్ ప్రిన్స్ బ్రయంట్‌కు ఊపిరాడనివ్వలేదు, బ్రయంట్ షాట్లు నలభై శాతం కూడా పడలేదు.

మొదటి మ్యాచ్‌లో ఓనీల్ 34, బ్రయంట్ 25, జట్టు మొత్తం 75. అంటే మిగతావాళ్లందరూ కలిసి చేసింది 16. మూడో మ్యాచ్‌లో లేకర్స్ 68 దగ్గరే ఆగిపోయారు. వాలెస్ చేసింది ఓనీల్‌ను ఆపడం కాదు. ఓనీల్ భారం తన నలుగురి మీద పడకుండా చూడడం. దీన్ని ఒక మనిషి అంకెగా ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అపోహ: డిఫెన్స్‌కు ఒళ్లు వంచితే చాలు, బుర్రతో పనిలేదు.

వాస్తవం: హ్యూస్టన్ జట్టులో డిఫెండర్ షేన్ బాటియేకు మ్యాచ్‌కు ముందు ఎదుటి ఆటగాడి లెక్కలు చేతికిచ్చేవారు, ఎక్కణ్నుంచి వేస్తే పడుతుంది, ఎక్కణ్నుంచి వేస్తే పడదని. కోబీ బ్రయంట్ వస్తే షాట్ అడ్డుకోవాలని చూసేవాడు కాదు. తక్కువ పడే చోటికి తోసి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టేవాడు. రచయిత మైకేల్ లూయిస్ 2009లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో ఈయన గురించి రాసిన పెద్ద వ్యాసంతోనే ఈ చర్చ సామాన్య ప్రేక్షకుడి దాకా వచ్చింది.

అపోహ: ఇలాంటివాళ్లు ప్లేఆఫ్స్‌లో పనికిరారు.

వాస్తవం: ఇది పూర్తి అపోహ కాదు, అందుకే ఇంతకాలం బతికింది. లీగ్ మ్యాచ్‌ల్లో ఇవాళ ఒక జట్టు, ఎల్లుండి ఇంకో జట్టు. ప్లేఆఫ్స్‌లో ఒకే జట్టుతో ఏడుసార్ల దాకా ఆడాలి, లోపం ఎక్కడుందో వెతకడానికి ఎదుటి కోచ్‌కు బోలెడంత తీరిక. 2015లో మెంఫిస్ 2–1 ఆధిక్యంలో ఉండగా గోల్డెన్ స్టేట్ కోచ్ స్టీవ్ కెర్ ఒక ఎత్తు వేశాడు. మెంఫిస్ డిఫెన్స్‌కు ప్రాణమైన టోనీ అలెన్‌కు తన సెంటర్ ఆండ్రూ బోగట్‌ను కాపలా పెట్టాడు. కాపలా అనేది పేరుకే. బోగట్ రింగు దగ్గరే ఉండిపోయాడు, అలెన్‌ను నీ ఇష్టం, వేసుకో అని వదిలేశాడు. వేశాడు, పడలేదు. మెంఫిస్ నలుగురితో దాడి చేస్తున్నట్టయింది, అలెన్‌ను బెంచీ ఎక్కించక తప్పలేదు. తర్వాత ఆయన తొడ కండరం కూడా ఎదురుతిరిగింది. గోల్డెన్ స్టేట్ వరసగా మూడు గెలిచి సిరీస్ పట్టుకుపోయింది.

2017లో ఓక్లహోమా సిటీ డిఫెండర్ ఆండ్రే రాబర్సన్‌ను హ్యూస్టన్ కావాలనే ఫౌల్ చేసి ఫ్రీ త్రోలు వేయించింది. ఆ సిరీస్‌లో ఆయన 21 వేస్తే మూడే పడ్డాయి. వాలెస్ కూడా ఇందులో మహానుభావుడే, కెరీర్‌లో 41.4 శాతం. కాబట్టి ఆ భయం ఉత్తిది కాదు.

గోబేర్ మీద పడ్డ నింద మాత్రం వేరే రకం. 2021 ప్లేఆఫ్స్‌లో ఆయన యూటా జట్టు సిరీస్ ఆరో మ్యాచ్‌లో 25 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ చేతిలో ఓడింది. క్లిప్పర్స్ ఆటగాడు టెరన్స్ మన్ 39 పాయింట్లు చేశాడు. మన్ మూలలో ఖాళీగా ఉండడం, గోబేర్ దూరాన రింగు దగ్గర ఉండడం అందరూ చూశారు. గోబేర్ అక్కడ ఎందుకున్నాడో అడిగినవాళ్లు తక్కువ. క్లిప్పర్స్‌లో అయిదుగురూ దూరం నుంచి వేయగలవాళ్లే. బంతి పట్టినవాణ్ని ముందే నిలవరించాల్సిన యూటా గార్డులు మొదటి అడుగులోనే వెనకబడ్డారు. గేటు దగ్గర కాపలా లేకపోతే ఇంట్లో ఉన్నవాడు ఏ తలుపుకని అడ్డం పడతాడు? రింగు వదిలితే తేలిక బుట్ట, వదలకపోతే మూలలో మన్. గోబేర్ అన్నిసార్లూ సరిగ్గానే ఎంచుకున్నాడని అనను. కానీ ఆ రాత్రి పప్పు మాడింది ఆయనొక్కడి వల్ల కాదు.

అపోహ: కప్పులు గెలిపించేది డిఫెన్సే.

వాస్తవం: ఇది మా పక్షం అపోహ, చెప్పకపోతే అన్యాయం. 2006లో వాలెస్ నాలుగేళ్లకు ఆరుకోట్ల డాలర్ల ఒప్పందంతో షికాగో వెళ్లిపోయాడు. డెట్రాయిట్ కూలిపోవాలి కదా? తర్వాతి రెండేళ్లూ ఈస్ట్ ఫైనల్ దాకా వెళ్లింది. ఛాంపియన్ జట్టులోని బిలప్స్, హ్యామిల్టన్, ప్రిన్స్, రషీద్ వాలెస్ ఇంకా ఉన్నారు మరి. షికాగోలో బెన్ వాలెస్ మునుపటి వాలెస్ కాలేదు, రెండేళ్లు తిరక్కుండానే క్లీవ్‌లాండ్‌కు పంపేశారు. వయసు ఒక కారణం, కానీ చుట్టూ ఉన్న నలుగురు మారడం కూడా కారణమే.

గోబేర్ కథ దీనికి అద్దం. 2022లో మినెసోటా ఆయన కోసం అయిదుగురు ఆటగాళ్లను, నాలుగు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌లను ఇచ్చేసింది. ఊరంతా నవ్వింది, మా బావ అందరికంటే గట్టిగా. 2023–24లో లీగ్ మొత్తం మీద డిఫెన్స్‌లో మొదటి స్థానం మినెసోటాదే, గెలుపులు 56. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో, అంతకుముందు ఏడాది ఛాంపియన్ డెన్వర్ మీద రెండో మ్యాచ్‌కు గోబేర్ రాలేదు, ఇంట్లో బిడ్డ పుట్టాడు. ఆయన లేకుండానే డెన్వర్‌ను 80కి కట్టేసి 106–80తో గెలిచారు. ఆ రోజు మా గ్రూపులో నేను నోరెత్తలేదు.

సిరీస్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లింది. మినెసోటా మూడో క్వార్టర్‌లో 20 పాయింట్లు వెనకబడి, 98–90తో గెలిచింది. రెండో సగమంతా కలిపి డెన్వర్‌కు 37 పాయింట్లే వచ్చాయి. ఇక నా మాట చెల్లుతుందని ఫోన్ తీశాను. అప్పటికే బావ వీడియో పంపేశాడు. నాలుగో క్వార్టర్‌లో గోబేర్ రింగుకు వీపు పెట్టి, గిర్రున తిరిగి, వెనక్కి వాలుతూ వేసిన షాట్ అది. కింద రాశాడు: "ఇదీ ఆటంటే. ఇన్నాళ్లకు పనికొచ్చాడు మీవాడు."