ఫోను మూగబోయిందా?

ఇది 2001 నాటి సంగతి. మా అమ్మ ఇప్పటికీ చెబుతుంటుంది. మా పక్కింటి పెద్దమ్మ కొడుకు దుబాయిలో పనిచేసేవాడు. ప్రతి శుక్రవారం అక్కడి బూతు నుంచి ఇంటికి ఫోను చేసేవాడు. ఒకసారి వరసగా మూడు శుక్రవారాలు గంట మోగలేదు. తనే చేద్దామంటే కొడుకుకు సొంత ఫోను లేదాయె. పెద్దమ్మకు అన్నం సయించలేదు. పిల్లాడికేమయిందోనని ఒకటే ఏడుపు.

తీరా చూస్తే కొడుకు చేస్తూనే ఉన్నాడు. ఫోను అడుగున చిన్న మీట ఉంటుంది. గంట చప్పుడు పెంచడానికి, తగ్గించడానికి. మనవడు ఆడుకుంటూ దాన్ని తిప్పేశాడు! అందుకే, గంట మోగకపోతే ముందు ఆ మీట చూడండి.

తర్వాత రిసీవరు ఎత్తి చెవిన పెట్టుకోండి. 'గుయ్' మని వినిపిస్తోందా? దాన్ని డయల్ టోను అంటారు. అది వస్తే లైను ఉన్నట్టే. రాకపోతే తప్పు ఫోనులో ఉందా, లైనులో ఉందా? అది తేల్చుకోవాలి.

ఫోను నుంచి గోడ మీది డబ్బాకు వెళ్ళే వైరు చూడండి. ఊడిందా? ఎలుక కొరికిందా? పిన్ను తీసి, 'టక్' మనేదాకా మళ్ళీ నొక్కండి. మాట గరగరమంటే రిసీవరుకున్న మెలికల వైరు కదిపి చూడండి. అయినా టోను రాలేదా? పక్కింట్లో బాగా పనిచేసే ఫోను ఒకటి దాని వైరుతో సహా తెచ్చి అదే డబ్బాకు పెట్టండి. అది పలికితే మీ ఫోనో, దాని వైరో చెడింది. అదీ పలక్కపోతే తప్పు లైనులో ఉంది. అది బాగుచేయాల్సింది టెలిఫోను వాళ్ళు.

గోడ డబ్బా మాత్రం విప్పకండి. లోపలి రాగి తీగల్లో ఎక్స్ఛేంజి నుంచి కరెంటు వస్తుంది. గంట మోగేటప్పుడు ముట్టుకుంటే షాకు కొడుతుంది. ఉరుములు ఉరిమేటప్పుడు అసలు దగ్గరికే పోకండి. ఆ కరెంటు వల్లనే ఇంట్లో దీపాలు ఆరిపోయినా పాత ఫోను పలుకుతుంది. ఇప్పుడు ఫైబరు మీద వచ్చే ఫోన్లు అలా కాదు. వాటి డబ్బాకు ఇంటి కరెంటు కావాలి.

ఫిర్యాదు ఇస్తే ఒక నెంబరు చెబుతారు. దాన్ని మీ చేత్తోనే, తేదీ వేసి రాసుకోండి. లైనుమాను రాకపోతే ఆ కాగితం పట్టుకెళ్ళి అడగండి.